మా గల్లీ పచ్చబడింది

నా భయాన్ని మొదటిసారి గాజుసీసాలో పెట్టి మూత బిగించింది నా కూతురే.

అప్పటికి హైమ పట్నంలోనే ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తోంది. భయపడిన మనిషి చెమటలో మామూలు చెమటలో ఉండని పదార్థాలేవో ఉంటాయట. వాటిని గాలిలోనే పసిగట్టే పరికరం తయారుచేస్తే, ఏ వీధిలో మనుషులు బెదురుతూ నడుస్తున్నారో తెలిసిపోతుందని ఆమె ఆలోచన. పరికరం సగం తయారైంది. భయమంటే ఏమిటో దానికి నేర్పాలి. అందుకు భయపడిన మనిషి చెమట కావాలి. అక్కడే పని ఆగిపోయింది. మనుషుల్ని పట్టుకొచ్చి భయపెట్టడానికి సంస్థలో ఒప్పుకోరు. కాలేజీ విద్యార్థుల్ని కూర్చోబెట్టి దయ్యాల సినిమాలు చూపిస్తే వాళ్లు పల్లీలు నములుతూ నవ్వారట.

ఆ దిగులుతోనే ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని గల్లీ మొదటివైపు చూస్తున్నాను.

మా ఇల్లు సున్నపుబట్టి గల్లీలో, పెద్ద ప్రసూతి ఆసుపత్రి వెనక గేటుకు ఎదురుగా ఉంటుంది. కింద నేనుంటాను. పైన ఆరు గదులు. జిల్లాల నుంచి పట్నానికి పనుల మీద వచ్చే ఆడవాళ్లకే ఇస్తాను. కాన్పుకొచ్చిన కూతురికి తోడుగా వచ్చే తల్లులు, పరీక్షలు రాయడానికి వచ్చే పిల్లలు, ఒంటరిగా కోర్టు పనికి వచ్చేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక స్టీలు గ్లాసు ఇస్తాను. మనిషి బయటికి పోయేటప్పుడు తన గ్లాసును వంటింటి కిటికీలో బోర్లించి పోవాలి. పోతూ ఎప్పటికి వస్తుందో నాకు చెప్పాలి. తిరిగొచ్చాక అదే గ్లాసుతో మంచినీళ్లు తాగి, మూతి పైకి పెట్టాలి. చివరి గ్లాసు పైకి లేచేదాకా నేను అరుగు దిగను. కొందరు విసుక్కునేవాళ్లు. ఇంతకంటే జైలు నయమని ఒకావిడ నా ముఖం మీదే అంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కింద మా ఆయన కాజీపేట స్టేషన్లో మంచినీళ్లు పట్టుకొస్తానని రైలు దిగాడు. బండి కదిలింది. హైమ నా ఒళ్లో ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన పరుగెత్తడం కనిపించింది. ఎక్కడం కనిపించలేదు.

ఆ సాయంత్రం కిటికీలో రెండు గ్లాసులు ఇంకా బోర్లించే ఉన్నాయి. చలికాలం. హైమ శాలువా కప్పుకుని ఉంది. నా వైపు కాసేపు ఎగాదిగా చూసి, "అమ్మా, గింత చలిల నీ జాకెట్టు ఎట్ల తడిసిందో చూసుకున్నవా?" అంది.

మర్నాటి నుంచి ఆమె ఇచ్చిన తెల్లటి నూలుగుడ్డలు చంకలో పెట్టి కట్టుకునేదాన్ని. చివరి గ్లాసు పైకి లేచాక విప్పి సీసాలో వేసేదాన్ని. అట్లా నలభై సాయంత్రాలు. భయపెట్టాల్సిన అవసరం లేకుండా రోజూ భయపడే మనిషి ఇంట్లోనే దొరికినందుకు హైమ మురిసిపోయింది.

నన్నొకసారి ప్రయోగశాలకు తీసుకుపోయింది. చిన్న మట్టిప్రమిద లాంటి పరికరం దగ్గర నా గుడ్డ పెట్టారు. తెర మీద పడుకున్న గీత లేచి నిలబడింది. అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మా యంత్రానికి చదువు చెప్పిన పంతులమ్మ ఈమేనని హైమ అందరికీ చెప్పింది. బడి మొహం చూడనిదాన్ని. గదుల్లో దిగిన పిల్లలు వదిలేసి పోయిన పుస్తకాలు కూడబలుక్కుని చదువుకున్నదాన్ని. గీతల పటాలంటే ఏమిటో కూడా ఆ పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. ఆ రోజు సిగ్గుతో నా తల వంగిపోయింది గాని, లోపల చాలా గర్వపడ్డాను.

*

రెండేళ్లలో ఆ ప్రమిదలు పట్నంలో ప్రతి కరెంటు స్తంభానికీ వచ్చాయి. ఒక కంపెనీ వాళ్లు హైమ పరికరాన్ని తీసుకుని ఆమెను పెద్ద పదవిలో పెట్టుకున్నారు. జనం వాటిని ముక్కులు అన్నారు. ముక్కులు పసిగట్టిన భయం ఫోన్లో మ్యాపుగా కనిపించేది. భయం లేని వీధి పచ్చగా, ఉన్న వీధి ఎర్రగా. ముక్కు కింద ఒక చిన్న దీపం కూడా అదే రంగులో వెలిగేది. పట్నానికి కొత్తగా వచ్చేవాళ్లు బస్సు దిగకముందే మ్యాపు చూసి, పచ్చటి వీధిలో గది తీసుకునేవాళ్లు. కొత్త ఊళ్లో ఎక్కడ దిగాలో చుట్టాలను అడిగే పని లేకుండా పోయింది.

మా గల్లీ ఎర్రగా వచ్చింది. అట్లా ఇట్లా కాదు, పండుమిరపకాయ ఎరుపు.

మా ఎదురుగా టీకొట్టు నడిపే సాయిలుకు అది పెద్ద వేడుకైంది. "సత్తెమ్మక్కా, మన గల్లీల పులి దిరుగుతున్నదట. నా కొట్టుకైతే రాలే. నీ మేడ మీద ఏమన్న గది తీసుకున్నదా?" అని వచ్చినవాళ్ల ముందు నన్ను ఆటపట్టించేవాడు. ముప్పై ఏళ్లలో మా గల్లీలో జరిగిన పెద్ద నేరం ఆసుపత్రి గోడ పక్క సైకిల్ పోవడం. అదీ మూడో రోజుకు దొరికింది.

నేను హైమను అడిగాను. మనకు తెలియని ప్రమాదాలు చాలా ఉంటాయని, నువ్వు చూడలేదు కాబట్టి లేవనుకోకని చెప్పింది. అప్పుడామెకూ కొన్ని అర్థం కావడం లేదు. బళ్లు వదిలే వేళకు ప్రతి బడి గేటు దగ్గరా ముక్కులు ఎర్రబడుతున్నాయి. బస్టాండులోనూ అంతే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు అక్కడ కాచుకుని ఉంటారేమో, మన యంత్రం ఎంత గొప్పదో చూడండని కంపెనీ వాళ్లు సంబరపడ్డారట.

నేను నమ్మాను. కన్నబిడ్డ చేసిన యంత్రం. పైగా నేను భయస్తురాలిని. నీ భయం నిజమేనని చెప్పేవాళ్లు దొరికితే భయస్తులు ఎంత తొందరగా నమ్ముతారో నాకు తెలుసు.

గదులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆసుపత్రి వాళ్లు కూడా రోగుల బంధువులు పచ్చటి వీధుల్లోనే ఉండాలని వెనక గేటుకు కాగితం అంటించారు. వంటింటి కిటికీలో గ్లాసులన్నీ మూతులు పైకి పెట్టుకుని వరసగా కూర్చున్నాయి. సాయంత్రం పూట వాటిని చూస్తే ప్రాణం హాయిగా ఉండాలి. ఉండేది కాదు.

*

ఆ ఏడు ఎండాకాలంలో రిషిత వచ్చింది. మా చెల్లెలు బాలమణి మనవరాలు. సిరిసిల్లలో ఉంటారు. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాల పరీక్ష. దానికి ముందు పదిహేను రోజుల కోచింగ్. నాలుగేళ్లుగా ఏ పరీక్షకు వచ్చినా నా దగ్గరే దిగేది. గల్లీ మొదట్లో ఆటో దిగిందో లేదో సాయిలు "నీ పిల్ల వచ్చిందక్కా" అని కేకేసేవాడు.

ఈసారి అది రాకముందే బాలమణి ఫోన్ చేసింది. "నీ గల్లీ ఎర్రగ ఉన్నదంటున్నరక్కా. పిల్లను నీ దగ్గర ఉంచుమంటవా, ఇంకెక్కడన్న చూస్తవా? నువ్వెట్లంటె గట్ల."

నేనెట్లంటే అట్లా. ఆ మాటతో నాకు మూడు రోజులు తిండి సయించలేదు.

మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. పచ్చల్లోకెల్లా పచ్చటిది వెతికాను. పారిజాత ఎన్‌క్లేవ్ అని ఊరికి పడమటి దిక్కున కొత్తగా లేచిన కాలనీ. నెలల తరబడి అక్కడ ఒక్క ఎర్ర చుక్క లేదు. ఆటోలో పోయి కళ్లారా చూసొచ్చాను. వెడల్పాటి రోడ్డు, రెండువైపులా చెట్లు, ఎత్తు గోడలు, అద్దాల కిటికీలు. అరుగు లేదు, కొట్టు లేదు, కేక లేదు. అంత రోడ్డు మీద ఒక్క మనిషి నిలబడి లేడు. నాకది నచ్చింది. ఎవరూ లేని చోట ఎవరి వల్లా భయం ఉండదనుకున్నాను. అక్కడి లేడీస్ హాస్టల్లో గది మాట్లాడాను.

రిషిత సంచి భుజాన వేసుకుని మా ఇంటికే వచ్చింది. సంగతి చెబితే మూతి ముడిచింది.

"నాలుగేండ్ల సంది ఇక్కడనే దిగుతున్న పెద్దమ్మమ్మా. నన్ను జూసి ఒక్క కుక్క గూడ మొరగలే. దీపం రంగు మారితె నువ్వు గూడ మారుతవా?"

"ఆ దీపం మీ హైమ పెద్దమ్మ చేసింది బిడ్డా. అబద్ధం ఎందుకు చెప్తది?"

"అయితె నువ్వు ఒక్కదానివి ఈ ఎరుపుల ఎందుకుండాలె? పా, నాతోని."

ముసలిదాన్ని, నన్నెవరేం చేస్తారన్నాను. దాని గ్లాసు అదే తీసి కిటికీలో బోర్లించింది. పరీక్ష రాసి వచ్చి నీళ్లు తాగి పైకి పెడతాను, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వొద్దంది. రోజూ సాయంత్రం అయిదింటికి ఫోన్ చేయాలని ఒట్టు వేయించుకున్నాను. "చెయ్యకపోతె నువ్వు అరుగు మీద కూసోని చెమటతోని తడిసిపోతవు. నాకెందుకా పాపం?" అని నవ్వింది.

ఆటో ఎక్కి చెయ్యి ఊపింది. ఆటో గల్లీ మలుపు తిరగడం చూశాను. నేను కోరి పంపిన మనిషి అదొక్కతే. మిగిలినవాళ్లందరూ వాళ్లంతట వాళ్లే పోయారు.

*

ఎనిమిది రోజులు సరిగ్గా అయిదింటికి ఫోన్ మోగింది. కూరలో ఉప్పు లేదనీ, హాస్టల్లో పక్కగది పిల్ల పేరు కూడా ఇంకా తెలియలేదనీ, ఎదురింటివాళ్లు ఎలా ఉంటారో ఇన్ని రోజులైనా చూడలేదనీ చెప్పేది.

తొమ్మిదో రోజు ఆదివారం. కోచింగ్ లేదు. పరీక్ష హాల్ టికెట్ మీద అంటించడానికి ఫొటోలు దిగి వస్తానని పొద్దున చెప్పింది.

అయిదైంది. అయిదుంబావైంది. మా ఇంటి ముందు స్తంభం మీద దీపం చిక్కటి ఎరుపులోకి తిరిగింది. సాయిలు కొట్టు వదిలి వచ్చి, నా ముఖం చూసి, పోయి చూసొద్దాం పద అన్నాడు. ఆటో పిలిచాడు. నేను ఒక కాలు ఆటోలో పెట్టి హైమకు ఫోన్ చేశాను.

"పిల్ల ఫోన్ చెయ్యలే హైమా. నేను పోతున్న."

"పావుగంటే గదనే అమ్మా. ఫోన్ల చార్జింగ్ అయిపోయి ఉంటది. ఆగు, చూస్త." అటునుంచి కంప్యూటర్ మీటల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆగింది, మళ్లీ ఒక్క మీట నొక్కినట్టు వినిపించింది. తర్వాత అంది, "పారిజాతల మొత్తం పచ్చగనే ఉన్నది. నీ గల్లీనే మండుతున్నది. నువ్వు బయట తిరగకు. ఇంట్లకు వోయి తలుపేసుకో."

నేను ఆటోలోంచి కాలు తీశాను. సాయిలు ఆటోను పంపేశాడు. ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఏడున్నరకు పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది.

జరిగిందంతా కెమెరాలో ఉంది. నాలుగుంబావుకు రిషిత ఫొటోలు తీసుకుని నడుచుకుంటూ వస్తోంది. బండి మీద ఇద్దరు వెనకనుంచి వచ్చి భుజాన ఉన్న సంచి లాగారు. పట్టీ చేతికి చుట్టుకుంది. సంచితో పాటు దాన్నీ ఈడ్చుకుపోయారు. పద్నాలుగో నంబరు గేటు ముందు పట్టీ తెగింది. తల రోడ్డు అంచు రాతికి తగిలింది. ఫోన్ సంచిలో పోయింది.

అది వెంటనే ప్రాణం వదల్లేదు. రెండున్నర గంటలు అక్కడే ఉంది. లేవబోయింది. చెయ్యెత్తింది. ఒక కారు దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోయింది. పైన ఒక అద్దాల కిటికీ తెరుచుకుని, మూసుకుంది. నడకకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచారు. గేటు దగ్గర కాపలా మనిషిని పోలీసులు అడిగితే, "దీపం పచ్చగనే ఉండె సార్. తాగి పడ్డదేమో అనుకున్న" అన్నాడు.

అరగంట ముందు తెచ్చినా బతికేదని డాక్టరు చెప్పాడు. నేను లెక్క చూసుకున్నాను. ఆటోలో కాలు పెట్టినదాన్ని పెట్టినట్టు పోయి ఉంటే అరగంట ముందే చేరేదాన్ని.

బాలమణి నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది. సిరిసిల్లలో పదకొండో రోజు అయ్యాక పట్నం వచ్చింది. నేరుగా వంటింట్లోకి పోయి, కిటికీలో బోర్లించి ఉన్న గ్లాసు తీసి కొంగున చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "నీ నసకు భయపడి పిల్ల ఏడున్నా అయిదు గొట్టెవరకు ఇల్లు జేరేది" అంది. వెనక్కి చూడకుండా పోయింది. మళ్లీ నా చెల్లెల్ని నేను చూడలేదు.

*

మరో వారానికి హైమ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. మనిషి సగమైంది. కాగితం బల్ల మీద పెట్టి, తాను చెప్పకుండా నన్నే చూడమంది.

పద్నాలుగో నంబరు గేటు దగ్గరి ముక్కు ఆ ఆదివారం రాసిన గీత అది. కింద గంటలు రాసి ఉన్నాయి. నేను నాలుగుంబావు దగ్గర వేలు పెట్టాను. అక్కడ గీత నేల మీద పడుకుని ఉంది. ఈడ్చుకుపోయినప్పుడూ లేవలేదు. తల పగిలినప్పుడూ లేవలేదు. కారు పక్కనుంచి పోయినప్పుడూ లేవలేదు.

"పిల్ల భయపడలేదా హైమా?"

"భయపడ్డది. ముక్కుకు తెలువలే." హైమ కళ్లు పైకెత్తలేదు. "భయం రెండు తీర్లుంటదమ్మా. నాకేమైతదో అనేది ఒకటి. వాళ్లకేమైతదో అనేది ఒకటి. రెండింటి వాసన వేరు. మేము దానికి నేర్పింది నీ భయం. నీకు రెండోదే ఉన్నది. అందుకే దానికి రెండోదే తెలుసు."

నేను చాలాసేపు ఆ కాగితం వైపే చూశాను. బడి గేట్లు, బస్టాండు, ఆసుపత్రి వెనక మా గల్లీ. లోపల కాన్పు అవుతుంటే బయట నిలబడ్డ తల్లులు. ఎవరో ఒకరి కోసం ఎవరో ఒకరు కళ్లు కాయలు కాసేలా చూసే చోట్లన్నీ ఎరుపు. ఎవరికీ ఎవరూ పట్టని చోట్లన్నీ పచ్చ. నా చెమటే ఆ పాఠం చెప్పింది. ఆ మ్యాపు చూసి ఏరి ఏరి పిల్లను పంపిందీ నేనే.

అప్పుడు అయిదు గంటల దగ్గర గీత లేవడం కనిపించింది. అయిదుకు మొదలై నిటారుగా పైకి పోయింది. అయిదుంబావు దాటాక జారి, మళ్లీ నేలను పట్టింది.

ఆ వేళకు రోడ్డు మీద అది తప్ప ఎవరూ లేరు. కెమెరాలో చూశాం కదా. దెబ్బ తగిలి, ఫోన్ పోయి, రక్తంలో పడి ఉన్న పిల్ల. దాని మణికట్టుకు గడియారం ఉంది.

"అయిదింటికి అది ఎవరి కోసం భయపడ్డదమ్మా?" హైమ అడిగింది.

ఆమెకు తెలియక అడగలేదు. అరుగు మీద కూర్చుని తడిసిపోతవు, నాకెందుకా పాపం అన్న మాట నా చెవిలో ఉంది.

"గింత పైకి లేచింది గద. దీపం ఎందుకు ఎర్రగ కాలే?" అన్నాను.

హైమ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకు తెర మీద కనిపించింది. ఎన్నడు ఒక్క మచ్చ లేని రోడ్డు. గసువంటి రోడ్ల దీపం మారాలంటె ముందుగాల మేము ఒప్పుకోవాలె. ముక్కుల దుమ్ము పడ్డదేమో అనుకున్న. ఆ గుర్తు కొట్టేసి, పచ్చగున్నదని నీకు చెప్పిన."

*

హైమ కంపెనీ పెద్దల దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. మ్యాపు ఆపేయమంది. వాళ్లు శ్రద్ధగా విన్నారట. టీ ఇప్పించారట. ఇప్పుడు పచ్చ ఎరుపని, ఎరుపు పచ్చని అంటే జనం రాళ్లేస్తారని, ఎర్ర వీధుల్లో కొట్లు మూసుకున్నవాళ్లంతా కోర్టుకెక్కుతారని చెప్పారు. తప్పేదో లోపల్లోపల చప్పుడు లేకుండా దిద్దుకోమన్నారు. అప్పటిదాకా మ్యాపు నడుస్తుందన్నారు. పారిజాత ఎన్‌క్లేవ్ నుంచి ఈ నాటికీ ఒక్క ఫిర్యాదు రాలేదని కూడా అన్నారట.

దిద్దాలంటే ముందు నా భయాన్ని వేరుచేయాలి. పాత సీసాలు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. హైమ మళ్లీ తెల్లటి గుడ్డలు తెచ్చింది. ఇవ్వడానికి ఆమె చెయ్యి రాలేదు. నేనే తీసుకున్నాను. మూడు సాయంత్రాలు కట్టుకున్నాను.

అప్పటికి మా గల్లీలో మిగిలింది నేనే. ఆసుపత్రి వెనక గేటు మూసేసి తాళం వేశారు. సాయిలు కొట్టు ఎత్తేసి తమ్ముడి దగ్గరికి పోయాడు. పోయేరోజు వచ్చి నిలబడ్డాడు. "ఆ దినం నీ మాట వినకుంట నిన్ను ఎత్తి ఆటోల ఏస్తె బాగుండు అక్కా" అన్నాడు. ఒక టీ గ్లాసు నా అరుగు మీద పెట్టి పోయాడు.

నాలుగో రోజు హైమ వచ్చింది. చేతిలో కాగితం ఉంది. గీత మొదటినుంచి చివరిదాకా నేల మీదే ఉంది.

"గుడ్డ నిజంగ కట్టుకున్నవా అమ్మా?"

"కట్టుకున్న."

"సాయంత్రాలు అరుగు మీదనే ఉన్నవా?"

"ఉన్న. రూములల్ల ఎవ్వరు లేరు గద బిడ్డా. ఎవ్వరి కోసం చూడాలె?"

హైమ నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు రైల్లో నా ఒళ్లోంచి చూసినట్టే చూసింది. "మొన్న రెండో సాయంత్రం నేను వానల బండి మీద వస్తనన్న గద. గంటసేపు లేటైన గద. నా కోసం గూడ..." అని ఆగిపోయింది.

ఆమె వస్తానన్నది గుర్తుంది. వాన గుర్తుంది. గంట గడవడం కూడా తెలిసింది. నా జాకెట్టు పొడిగానే ఉంది.

హైమ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. ఎప్పుడూ అడిగే మాట నేను అడుగుతానేమోనని అనుకుంది కాబోలు. ఆమె బండి మలుపు తిరిగిన చప్పుడు విన్నాను. లోపలికి వచ్చి అన్నం వండుకున్నాను.

తెల్లారి లేచి తలుపు తీస్తే స్తంభం మీద దీపం పచ్చగా ఉంది. మా గల్లీ అంత పచ్చగా ఎన్నడూ లేదు.

అది పచ్చబడిన మూడో రోజు మధ్యాహ్నం ఒక తల్లీ కూతురూ వచ్చారు. నారాయణఖేడ్ దిక్కు నుంచట. పిల్లకు పద్దెనిమిదేళ్లుంటాయి. నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్లో చోటు దొరికేదాకా నెల రోజులు ఎక్కడైనా ఉండాలి. తల్లి చేతిలో ఫోన్ ఉంది. అందులో మ్యాపు ఉంది.

"పట్నం మొత్తం వెతికితె మీ గల్లీనే అన్నిటికన్న పచ్చగ కొట్టిందమ్మా. పిల్లను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోతున్న. ఏం భయం లేదు గద?"

చెప్పవలసింది ఏమిటో నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఎర్రటి వీధి చూసుకోండమ్మా, ఎవరైనా అరుగు మీద కూర్చుని ఉండే వీధి చూసుకోండి అనాలి. కానీ ఆ మాటను బయటికి నెట్టడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి.

"ఏం భయం లేదు" అన్నాను. అది నిజమే.

తల్లి కూతురి తల నిమిరి, కళ్లు తుడుచుకుని, నాలుగు గంటల బస్సుకు పోయింది. నేను పిల్లకు పై గది తాళంచెవి ఇచ్చాను. అది సంచి లోపల పెట్టి, ముఖం కడుక్కుని, కాలేజీ ఎంత దూరమో చూసొస్తానంటూ మెట్లు దిగింది. వంటింటి కిటికీ ముందు ఒక్క క్షణం ఆగి, అక్కడ వరసగా ఉన్న గ్లాసుల్ని చూసింది. అవి ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.

పిల్ల ఒంటరిగా మలుపు తిరిగింది.

ఎప్పటికి వస్తావని నేను అడగలేదు.